సెప్టెంబరులో రాకండి

"సెప్టెంబరా? సెప్టెంబరులో ఎందుకండీ రావడం? ఇంట్లో ఎవరితోనైనా పడటం లేదా మీకు?" అంది ఒడీలియా ఫోన్లో.

పక్కనే కూర్చుని దిండు గలీబులు మడతపెడుతున్న వెర్లిన్ తల పట్టుకుంది. అవతలివాళ్ళు గది కోసం ఫోన్ చేశారు. గది ఖాళీగా ఉంది. ఉందని చెప్పి పేరు రాసుకుంటే సరిపోతుంది. కానీ ఒడీలియా లరోండ్ అలా చెప్పి ఊరుకునే మనిషి కాదు.

"ఫిబ్రవరిలో రండి. వాన కూడా మర్యాదగా కురుస్తుంది అప్పుడు. కాసేపు కురిసి దాని దారిన అది పోతుంది... ఏంటీ, సెలవు అప్పుడే దొరుకుతుందా? సరే, అయితే వినండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి, కాస్త ఎక్కువైనా సరే. ప్రయాణ బీమా ఇవాళే తీసుకోండి. తుఫానుకి పేరు పెట్టాక తీసుకున్న బీమా కాగితం విసురుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆఖరి రోజు ఆఖరి విమానం పెట్టుకోకండి, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి. సముద్రం కనపడే గదా? ఇస్తాను. కానీ గాలి లేచిన రోజున వెనక గదిలోకి మారమంటే ముఖం మాడ్చుకోకూడదు. ఆలోచించుకుని చేయండి మళ్ళీ."

ఫోన్ పెట్టేసింది. "చేస్తారంటావా, పిన్నీ?" అంది వెర్లిన్.

"సెప్టెంబరుకి చేయరు. ఫిబ్రవరికి చేస్తారు."

ఆమె అన్నట్టే చాలాసార్లు జరిగేది. అదే వెర్లిన్‌కి విచిత్రం. ఇక్కడికి రాకముందు ఆమె పక్క ద్వీపంలో ఒక పెద్ద రిసార్టులో రిసెప్షన్‌లో పనిచేసింది. అక్కడ అతిథుల ముందు తుఫాను అనే మాట నోటివెంట రాకూడదు. "వాతావరణం కాస్త చురుగ్గా ఉంది" అనాలి. కొబ్బరిచెట్లు నడుం వంచి నేలను ముద్దుపెట్టుకుంటున్నా నవ్వుతూ అదే మాట అనాలి. అలాంటి చోటు నుంచి కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో ఉన్న తన సొంత ఊరు బెల్‌రివ్‌కి తిరిగొచ్చి, దూరపు బంధువైన ఒడీలియా దగ్గర చేరాక, మొదటి వారంలోనే అడిగేసింది: "ఇలా బెదరగొడితే ఎవరొస్తారు పిన్నీ?"

"బెదరగొట్టడం కాదే. ఇంటికి చుట్టాన్ని పిలిచి, గడపలో మెట్టు విరిగిందని చెప్పమూ? చెప్తాం. పడ్డాక కట్టు కట్టడం కంటే అది తేలిక కదా."

ఒడీలియాకి అరవై దాటాయి. మనిషి ఎత్తరి. తలకి ఎప్పుడూ మద్రాసు గళ్ళ గుడ్డ చుట్టుకుని ఉండేది. ఏటి మలుపులో రాతి స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు ఆమెది. దాన్నే అతిథి గృహం చేసింది. వరండాలో కూర్చుంటే ఒకవైపు ఏరు, ఇంకోవైపు కొండ, రేకుల మీద వాన చప్పుడు. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఊరికి ఆ చివర, సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ మీద, థియోఫిల్ టూలాన్ హోటల్ ఉండేది. మూడంతస్తుల సిమెంటు కట్టడం, ముందంతా గాజు. థియోఫిల్ ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి రాడు. ఒడీలియా ఇంటిని అతను కోళ్ళగూడు అనేవాడు. అతని హోటల్ని ఆమె రొట్టెల పొయ్యి అనేది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడితే జనం కాసేపు ఆగి వినేవాళ్ళు.

"ఏం ఒడీలియా, ఈ వారం గూట్లో ఎన్ని గుడ్లు?"

"అన్ని గదులూ నిండాయి నాయనా. నీ పొయ్యిలో రొట్టె కాలిందా, మాడిందా?"

సరదాగా మొదలైన ఈ మాటలు రానురాను చేదెక్కాయి. ఏటి పక్కనున్న ఆమె స్థలం తనకి అమ్మమని థియోఫిల్ కబురు పెట్టినప్పటి నుంచీ ఇద్దరూ చర్చి మెట్ల మీద తప్ప ఇంకెక్కడా మాట్లాడుకునేవాళ్ళు కారు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒడీలియా ఎంత చెప్పినా వినకుండా ముగ్గురు వచ్చారు. బార్బడోస్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, టైరెల్, మార్వా. మూడో మనిషి అనటోల్, పొరుగు దీవి గ్వాడెలూప్ నుంచి వచ్చిన ముసలాయన. ఆయన తల్లి పుట్టింది ఈ బెల్‌రివ్ కొండ మీదే. ఆమె పోయింది సెప్టెంబరులో కాబట్టి, ఆ రోజున ఇక్కడి చర్చిలోనే ఆమె పేరున పూజ చేయించాలని ఆయన కోరిక.

ఆ మాట విన్నాక ఒడీలియా రావద్దనలేదు. "మందులేమైనా వాడతారా? వాడితే రెట్టింపు తెచ్చుకోండి. నీళ్ళు దూరని సంచిలో పెట్టండి" అని మాత్రం చెప్పింది.

"రక్తపోటు మాత్రలు. అంతే" అన్నాడాయన.

పూజ బాగా జరిగింది. అనటోల్ తెల్ల చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. తర్వాత ఒడీలియా పెట్టిన చేపల పులుసు, ఉడికించిన చేమదుంపలు తిని, వరండాలోంచి కొండవైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "ఆ సీమపనస చెట్ల కింద ఉండేదట మా అమ్మ వాళ్ళ ఇల్లు" అని వెర్లిన్‌కి చూపించాడు. అక్కడిప్పుడు ఇల్లేమీ లేదు. అయినా ఆయన చూస్తున్న తీరుకి వెర్లిన్ కూడా అటే చూసింది.

మర్నాడు పొద్దున రేడియో గొంతు మారింది.

తూర్పున ఉన్న తుఫాను ఉత్తరానికి తిరుగుతుందని అంతవరకూ చెప్పినవాళ్ళు, తిరగలేదనీ, రాత్రికి రాత్రి బలపడిందనీ, సూటిగా ఇటే వస్తోందనీ అన్నారు. వెర్లిన్ ఓడల కంపెనీకి ఫోన్ చేస్తే సీట్లన్నీ అయిపోయాయన్నారు. విమానాశ్రయం మధ్యాహ్నానికి మూసేస్తున్నారు.

ఒడీలియా ఇంటి చుట్టూ తిరిగింది. వెర్లిన్ ఆమె వెనకే నడిచింది. ఒడీలియా తలుపు రెక్కలు లాగి చూసింది. స్తంభాల మీద అరచేత్తో తట్టింది. ఆ ఇల్లు కట్టింది ఆమె తండ్రి. ఎన్ని తుఫాన్లకి నిలిచిందో ఊరందరికీ తెలుసు. చివరికి ఆమె ఏటి ఒడ్డుకెళ్ళి ఒక రాయి మీద నిలబడింది. పైన కొండల్లో అప్పటికే వాన పడుతున్నట్టుంది, నీరు ఎర్రగా వస్తోంది.

"ఇది చాలదు" అంది.

"ఏది పిన్నీ?"

"మన ఇల్లే. గాలికి నిలవచ్చు. ఏటికి నిలవదు. రెండూ కలిసొస్తే అసలు నిలవదు."

 తన ఇంటి గురించి అంత మాట అంత మామూలుగా అన్న మనిషిని వెర్లిన్ అంతవరకూ చూడలేదు. రిసార్టులో అయితే ముందు ఎవరి మీద కేసు పడుతుందో లెక్కలు చూసుకునేవాళ్ళు.

"బడికి వెళ్దామా మరి? ఊరంతా అక్కడికే కదా పోతున్నారు."

"బడిలో ఊరివాళ్ళకే చోటు చాలదు. డబ్బిచ్చి వచ్చిన మన అతిథుల కోసం ఏ పసిపిల్లని గోడ పక్కనుంచి జరపమంటాం? వద్దు. బండ మీద అంత పెద్ద కట్టడం ఖాళీగా ఉంది." ఒడీలియా తలగుడ్డ విప్పి, మళ్ళీ బిగించి కట్టుకుంది. "పద, రొట్టెల పొయ్యి దగ్గరికి పోదాం."

థియోఫిల్ తన హోటల్ ముందు నిచ్చెనెక్కి గాజు మీద చెక్కలు కొట్టిస్తున్నాడు. ఆ పూట అతనికి అతిథులెవరూ లేరు. వీళ్ళని చూసి కిందికి దిగాడు కానీ, దారి ఇవ్వలేదు.

"ఏమిటి, గూడు ఎగిరిపోతుందా?"

"ఎగిరిపోవచ్చు, కొట్టుకుపోవచ్చు. ఏది ముందో తెలీదు. ముగ్గురు అతిథులున్నారు, మేమిద్దరం. నాకు నీ దుప్పట్ల గది కావాలి."

"దుప్పట్ల గదా?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "పైన సముద్రం ఎదురుగా నా మంచి గదులన్నీ ఖాళీగా ఉంటే..."

"పై అంతస్తు వద్దు, గాలి అక్కడే మొదలుపెడుతుంది. కింది అంతస్తు వద్దు, నీళ్ళొస్తాయి. మధ్య అంతస్తులో, నాలుగువైపులా గోడలుండి కిటికీ లేని గది అదొక్కటే నీకుంది. నువ్వు కట్టేటప్పుడే చూశాను."

"నా హోటల్ కట్టేటప్పుడు వచ్చి చూశావా?"

"ఊరందరూ చూశారు. నేనూ చూశాను."

థియోఫిల్ ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ నా హోటల్ని పొయ్యి పొయ్యి అని నా పరువు తీశావు. ఇవాళ అందులోకే వస్తావా?"

"వస్తాను. పొయ్యి గట్టిది కాబట్టే ఆ పేరు పెట్టాను. గాలికి ఎగిరిపోయిన పొయ్యిని ఎక్కడైనా చూశావా?" అని ఆమె గొంతు తగ్గించింది. "బతిమాలమంటే బతిమాలతాను థియోఫిల్. నా మాట నమ్మి వచ్చినవాళ్ళు వాళ్ళు."

 చెక్కలు కొడుతున్న పనివాళ్ళు సుత్తులు దించి చూస్తున్నారు. థియోఫిల్ నెత్తిమీది టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

"బతిమాలకు. నువ్వు బతిమాలితే రేపటి గాలికన్నా నాకు అదే ఎక్కువ భయం" అన్నాడు. తర్వాత పనివాళ్ళ మీద కేకలేశాడు: "ఏంట్రా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు? జీపు తీయండి, ఆవిడ సామాను తేవాలి!"

మధ్యాహ్నమంతా పని. స్నానాల తొట్లు, బకెట్లు, గిన్నెలు, ఏది కనపడితే దాంట్లో నీళ్ళు నింపారు. పాస్‌పోర్టులు పెట్టెల్లో కాకుండా ఒంటి మీదే ఉంచుకోవాలని ఒడీలియా అతిథులకి చెప్పింది. కార్డు యంత్రాలు పనిచేయని రోజుల్లో చిల్లర నోట్లే పనికొస్తాయని, టైరెల్ దగ్గరున్న పెద్ద నోట్లని తానే మార్చి ఇచ్చింది. బూట్లు తొడుక్కునే పడుకోమంది. మార్వా తెచ్చినవన్నీ ఎత్తు మడమల చెప్పులే. ఒడీలియా తన తోటపని బూట్లు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టింది.

"ఇవి పెద్దవి ఆంటీ."

"గుడ్డలు కుక్కుకో. రేపు నేలంతా మేకులూ, గాజుముక్కలూ. అప్పుడు నీకు అందంగానే కనిపిస్తాయివి."

మర్నాడు పొద్దున లేచేసరికి గాలి ఈల వేస్తోంది. అందరూ దుప్పట్ల గదిలోకి చేరుతుంటే వెర్లిన్ చుట్టూ చూసి, "అనటోల్ గారేరీ?" అంది.

ఎవరికీ తెలీదు. ఆయన పడకమీద దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. హోటల్ వంటామె మాత్రం, ఆయన గొడుగు పట్టుకుని మెట్లు దిగుతుంటే చూశానంది. గొడుగు!

"వెనక్కి ఇంటికే పోయుంటాడు" అంది ఒడీలియా.

ఆమె తలుపు దాటేలోగానే థియోఫిల్ జీపు తాళాలు తీశాడు. వెర్లిన్ వెనక సీట్లోకి దూకింది. వద్దనే తీరిక ఎవరికీ లేకపోయింది. కొబ్బరి మట్టలు రోడ్డుకి అడ్డంగా పడుతున్నాయి. వాన పక్కనుంచి కొడుతోంది. ఏటి మలుపు దగ్గరికి చేరేసరికి నీరు ఇంటి మొదటి మెట్టుని తాకుతోంది. అనటోల్ వరండాలో కమ్మీని కరుచుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. చొక్కా లోపల ఏదో దాచుకుని, దాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు. దిగుదామంటే నీళ్ళు, ఉందామంటే గాలి. 

ఒడీలియా చీలమండల లోతు నీళ్ళలోకి దిగి చెయ్యి చాపింది. "రండి. నా చెయ్యి పట్టుకోండి. కిందికి చూడకండి, నన్ను చూడండి."

ఆయన కదల్లేదు. కదలాలనుకుంటున్నా కాళ్ళు రావడం లేదని వెర్లిన్‌కి అర్థమైంది. ఆమె నీళ్ళలోంచి మెట్లెక్కి ఆయన వెనక్కి వెళ్ళి, నడుం చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర "మీ అమ్మగారి ఊరివాళ్ళం కదండీ మేం. మిమ్మల్ని పడనిస్తామా?" అంది. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకే తెలీదు. ఆయన ఒక అడుగు వేశాడు. తర్వాత ఇంకొకటి. థియోఫిల్ ఇస్త్రీ చొక్కాతోనే నీళ్ళలోకి దిగి, ఆయన్ని చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తి జీపులో కూర్చోబెట్టాడు.

జీపు కదిలాక ఆయన చొక్కాలోంచి చిన్న డబ్బా తీశాడు. ఇన్సులిన్. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉండిపోయిందట.

"చెప్పలేదు" అన్నాడు, తల ఎత్తకుండా. "చెప్తే రావద్దంటారని. మా అమ్మాయి కూడా అదే అనేది. ముసలివాడివి, రోగిష్టివి, ఎక్కడికీ పోవద్దని."

వెర్లిన్ ఒడీలియా వైపు చూసింది. ఇప్పుడు దులిపేస్తుందనుకుంది. ఒడీలియా తడిసిన తలగుడ్డ పిండుకుంటూ, "తప్పు నాది" అంది. "అడిగాను. కానీ మీరు చెప్పగలిగేలా అడగలేదు. మందుంటే రావద్దంటానని మీకు అనిపించిందంటే, నేను అడిగిన తీరులోనే ఏదో ఉంది."

ఆ తర్వాత చాలాకాలం వెర్లిన్ ఈ మాట తలుచుకునేది. అంత గాలిలో, అంత తడిలో, ఎవరినో ఒకరిని తిట్టే హక్కు ఉన్న మనిషి ఆ మాట అనడం.

దుప్పట్ల గదిలో వాళ్ళు ఏడుగురు. థియోఫిల్, వంటామె, వీళ్ళైదుగురు. తలుపుకి అడ్డంగా పరుపులు నిలబెట్టారు. గాలి మొదట ఈల వేసింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత దానికి మాటేదీ సరిపోలేదు. గోడలకి ఆనుకున్న వీపుల్లోకి అదురు పాకింది. మార్వా ఏడవడం మొదలుపెట్టింది. ఒడీలియా ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ పెళ్ళికి ఏం వండింది, చెప్పు" అంది. అవతల ఏదో పేలినట్టు పగిలింది, గాజు. "నా కిటికీలు" అన్నాడు థియోఫిల్ మెల్లగా. "చెక్కలు కొట్టినా..." ఒడీలియా రెండో చెయ్యి అతని భుజం మీద వేసింది. "పెళ్ళిలో చేప ఉందా లేదా?" అని మార్వాని గద్దించింది. ఆ పిల్ల వెక్కుతూనే చెప్పింది, ఉందని, వేయించిన ఎగిరే చేపలని. వంటామె అందులో మసాలా గురించి అడిగింది. కాసేపు ఆ గదిలో చేపల గురించే గొడవ జరిగింది.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం చెవులకి నొప్పిగా అనిపించింది. తలుపు సందులోంచి ఎండ కూడా పడింది. టైరెల్ ఫోన్ తీసుకుని లేచాడు. "అయిపోయింది! ఒక్క ఫోటో తీసుకుని వచ్చేస్తాను."

ఒడీలియా కుర్చీ లాగి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "ఇది తుఫాను నడిబొడ్డు నాయనా. దాని కంట్లో ఉన్నాం మనం. కన్ను మూస్తుందిప్పుడు, అప్పుడు అటునుంచి కొట్టిన గాలి ఇటునుంచి కొడుతుంది. బయట దొరికినవాడు దొరికినట్టే పోతాడు."

"రెండు నిమిషాలు ఆంటీ."

"నన్ను ఎత్తి పక్కన పెట్టగలవా?"

టైరెల్ ఆమెని పైనుంచి కిందికి చూశాడు. "లేను."

"అయితే కూర్చో."

అతను కూర్చున్నంతలోనే గాలి మళ్ళీ వచ్చింది, అవతలి వైపునుంచి. గోడలోంచి పెద్ద దెబ్బ వినపడింది. పై అంతస్తులో మంచాలు వాటంతటవే నడుస్తున్నట్టు చప్పుడు. టైరెల్ ఫోన్ జేబులో పెట్టుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత అతను ఒడీలియా ఏం చెప్పినా ఎందుకని అడగలేదు.

సాయంత్రం వెలుగుండగానే అంతా తేలికపడింది. బయటికొచ్చి చూస్తే కొండ గోధుమరంగులో ఉంది. ఒక్క చెట్టుకి ఒక్క ఆకు లేదు. ఆకుల చాటున ఇన్నాళ్ళూ కనపడని ఇళ్ళన్నీ ఒక్కసారిగా కనపడ్డాయి. బడి నిలిచింది. అందులోంచి జనం ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, ఒకరి పేర్లు ఒకరు పిలుచుకుంటూ.

ఒడీలియా ఇల్లు లేదు. స్తంభాలు నాలుగు నిలిచాయి. పైకప్పు ఏటి అవతల మామిడి మొద్దుకి చుట్టుకుని ఉంది. వంటిల్లున్న చోట ఏరు పారుతోంది, ఎప్పటినుంచో అదే తన దారి అన్నట్టు.

ఆమె చాలాసేపు నిలబడింది. వెర్లిన్‌కి ఏడుపొచ్చింది కానీ, ఆమె ముందు ఏడవడానికి మనసొప్పలేదు. "ముందు బడి దగ్గరికి పోదాం. వాళ్ళకి నీళ్ళున్నాయో లేవో" అంది ఒడీలియా. నాలుగడుగులు వేసి, ఒక రాయి మీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది. మద్రాసు గళ్ళ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా. థియోఫిల్ కాస్త దూరంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆమె లేచాక ఆమె వెనకే బడికి నడిచాడు.

తర్వాతి రోజులు పనితోనే గడిచాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పట్నానికి దారి లేదు. తొట్లలో నింపిన నీళ్ళు థియోఫిల్ హోటల్ నుంచి ఊరంతా వాడుకున్నారు. అనటోల్ మందు చెడిపోకుండా ఒడీలియా రెండు కుండలు తెచ్చి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, పైన తడిగుడ్డ కప్పి నీడలో ఉంచింది. ఇసుక తడపడం ఆయన పనే. పూటకోసారి చెంబు పట్టుకుని వెళ్ళి, పసిపిల్లకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా పోసేవాడు. టైరెల్ ఊరివాళ్ళతో కలిసి మచ్చుకత్తి పట్టుకుని దారికడ్డంగా పడ్డ చెట్లు నరికాడు. అరచేతులు బొబ్బలెక్కితే మార్వాకి చూపించుకుని మురిసిపోయాడు. మార్వా ఒడీలియా బూట్లు వేసుకుని, రాలిన సీమపనస కాయలు ఏరుకొచ్చి వంటామెతో కలిసి కాల్చింది.

సహాయం మోసుకొచ్చిన ఓడ తిరుగుప్రయాణంలో మనుషుల్ని ఎక్కించుకుంటుందని కబురొచ్చింది. టైరెల్ తాను ఉండిపోతానన్నాడు. ఇంకా ఎన్నో చెట్లున్నాయట.

ఒడీలియా అతని భుజాలు పట్టుకుంది. "నువ్వు బంగారం లాంటి పిల్లాడివి. కానీ ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వు తినే తిండి, తాగే నీళ్ళూ ఊరివాళ్ళవే. తుఫాను తర్వాత అతిథి చేయగల మేలు మొదటి ఓడ ఎక్కడం. రెండో మేలు, దీవి మళ్ళీ పచ్చబడ్డాక తిరిగి రావడం. అప్పుడు డబ్బు తెచ్చుకో, బాగా ఖర్చుపెట్టు. జనం మమ్మల్ని మరిచిపోయే నెలల్లో రా."

అనటోల్ వెళ్ళేముందు కొండకేసి చూశాడు. ఆకులు లేని చెట్ల మధ్య, పనసమొదళ్ళ కింద, పాత రాతి పునాది ఒకటి బయటపడి ఉంది. ఇన్నేళ్ళూ పొదల్లో మునిగిపోయిందది. "అదే" అన్నాడు వెర్లిన్‌తో. "అదే అయ్యుంటుంది." వెర్లిన్ ఆయన్ని చెయ్యి పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్ళింది. ఆయన ఆ రాళ్ళ మీద కాసేపు కూర్చుని దిగివచ్చాడు. ఓడ మెట్ల దగ్గర ఒడీలియా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక థియోఫిల్, చెప్పడానికి వారం రోజులు సాధన చేసినట్టున్న మాట ఒకటి ఒడీలియాతో చెప్పాడు. మధ్య అంతస్తు నువ్వు తీసుకో, నీ ఇల్లు లేచేదాకా నీ అతిథుల్ని అక్కడ పెట్టుకో అని.

"అద్దె?"

"అద్దె గురించి మాట్లాడితే ఇచ్చేది వెనక్కి తీసుకుంటాను."

"అయితే ఒక షరతు. ఆ గాజు మళ్ళీ పెట్టించకు. చెక్క రెక్కలు పెట్టించు."

"నా హోటల్‌కి వచ్చి నాకే షరతులా!" అని అరిచాడు. చెక్క రెక్కలే పెట్టించాడు.

కొత్త ఇల్లు ఏటికి దూరంగా, కొండవాలు మీద కట్టాలని ఒడీలియా తేల్చింది. తండ్రి కట్టిన చోటు వదలడం ఆమెకి కష్టమే. కానీ ఏరు తన దారి మార్చుకున్నాక మనం మన దారి మార్చుకోకపోతే ఎలా అని, ఎవరూ అడగకుండానే అందరికీ చెప్పుకుంది. థియోఫిల్ తన పనివాళ్ళని పంపాడు. వాళ్ళతోపాటు తానూ వచ్చాడు, రోజూ, ఇస్త్రీ చొక్కాతో.

పైకప్పు వేసే రోజున వెర్లిన్ కోకో టీ కాచి పట్టుకెళ్ళేసరికి, ఇద్దరూ దూలాల కింద నిలబడి గొంతులు చించుకుంటున్నారు. సిమెంటు పలక వేసేయమంటాడు థియోఫిల్, ఇక ఏ గాలీ ఏమీ చేయలేదని. రేకుల మీద వాన చప్పుడు వినకపోతే నాకు నిద్ర పట్టదు, నా అతిథులకీ పట్టదంటుంది ఒడీలియా. పనివాళ్ళు కింద కూర్చుని సిగరెట్లు ముట్టించుకున్నారు, ఇది ఇప్పట్లో తేలేది కాదని.

"నువ్వు చెప్పవే" అంది ఒడీలియా, వెర్లిన్‌ని చూడగానే.

"చెప్పమ్మా, నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు థియోఫిల్.

వెర్లిన్ పళ్ళెం కింద పెట్టింది. రాజధానిలో మంచి ఉద్యోగానికి రమ్మని పాత రిసార్టు స్నేహితురాలు పిలిచి రెండు రోజులైంది. ఆ పిలుపుకి ఏం జవాబివ్వాలో ఆమెకి అప్పటిదాకా తేలలేదు. ఇప్పుడు పైకప్పు లేని ఆ ఇంట్లో నిలబడి, ఏ గది ఎటు తిరిగుంటే బావుంటుందో, ఏ గదిలో ముసలివాళ్ళని పెట్టాలో తాను ఆలోచిస్తున్నట్టు గమనించుకుంది.

"ఇద్దరిదీ కాదు" అంది. "అన్ని గదులకీ నాలుగు వాలుల రేకుల కప్పే వేద్దాం, పిన్ని చెప్పినట్టు, కానీ దూలాలకి ఇనుప పట్టీలు బిగించి. మధ్యలో ఒక్క గదికి మాత్రం థియోఫిల్ గారి సిమెంటు పలక. కిటికీలుండవు. అందులో దుప్పట్లు పెట్టుకుందాం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఈ పిల్ల నీ దగ్గర చేరి పాడైపోయింది" అన్నాడు థియోఫిల్.

ఒడీలియా కోకో టీ కప్పు అందుకుని ఒక గుటక వేసి, పనివాళ్ళ వైపు తిరిగింది. "విన్నారుగా, ఆ అమ్మాయి చెప్పింది. లేవండి మరి."